కొమ్ము దీర్ఘం

మా అక్క భర్త, మా బావ, ఈజిప్టు పోయి వచ్చాక, సారపాకలో వాళ్ళింట్లో చుట్టాలందరినీ కూర్చోబెట్టి టీవీలో ఫొటోలు చూపించాడు. అందరికీ తలా ఒక చిన్న రాతి పిరమిడ్ ఇచ్చాడు. నాకు మాత్రం తాళంచెవుల గొలుసు ఇచ్చాడు. మా ఇంటికి ఉన్నది ఒకే తాళం, దానికి కట్టిన తాడు ఇంకా గట్టిగానే ఉంది. ఇంత చిన్న సంగతి రాసుకోవాలా అని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. చిన్న సంగతులు పట్టుకోవడమే నా బతుకు. ఖమ్మంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్ళిపత్రికలకు, కరపత్రాలకు ప్రూఫులు దిద్ది పెద్దదాన్నయ్యాను. వధువు పేరులో ఒక ఒత్తు పోతే పెళ్ళివాళ్ళు ప్రెస్సు మీదికి వస్తారు. మనిషికి జరిగిన అవమానం కూడా అంతే, ఒత్తు పోయినంత చిన్నదిగానే కనిపిస్తుంది.

"మనిషిగ పుట్టినంక ఒక్కసారన్న చూడాలె సుగుణా," అన్నాడు బావ ఫొటో మీద వేలు పెట్టి. కాగితం మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాక ఆయనకు ఇదొక పిచ్చి పట్టింది. చూడాల్సిన స్థలాలన్నీ చూసి గాని కన్ను మూయడట. ఏడాదికొక టూరు. "లోపలికి ఇంత కంత ఉంటది. నడుము వంచి పోవాలె. నా మోకాళ్ళు పట్టేసినయి."

"లోపల ఏముంది బావా?"

"ఏముంటది, రాజును పండుకోబెట్టిన రాతి తొట్టి. ఖాళీ."

చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టాను. వంగి దూరాల్సిన కంత, లోపల చీకటి, చీకట్లో ఖాళీ రాతి తొట్టి. ఇవన్నీ నేను విమానం ఎక్కకుండానే చూశాను. మా ఊరు ఇప్పతోగు వెనక గుట్ట మీద ఉన్నాయి. ఆ మాటే అన్నాను. బావ నవ్వి, గదిలో ఉన్న కొత్త కోడళ్ళ వైపు తిరిగి, "ఇగో, గూళ్ళ మరదలు మొదలుపెట్టింది," అన్నాడు. అదేంటని వాళ్ళు అడిగారు. ఆయన చెప్పాడు. ఎప్పటిలాగే తప్పుగా చెప్పాడు. నా తరఫున ఎవరూ చెప్పరు కాబట్టి నేనే ఇక్కడ సరిగ్గా చెప్పుకుంటాను.

మా నాయన మిల్లుకు వెదురు కోయించే మేస్త్రీ. ఇప్పతోగు చుట్టూ అడవి, అడవి అంతా వెదురు. మా వాకిట్లో ఎప్పుడూ కోసిన వెదురు పచ్చివాసన, దాని మీద ఇప్పపువ్వు వాసన. ఎండాకాలం మొదట్లో ఆ పువ్వు రాలే రోజుల్లో నాయనమ్మ నన్ను తెల్లవారకముందే లేపేది. గంపలు పట్టుకుని ఇద్దరం గుట్ట దాటి ఇప్పచెట్ల కిందికి పోయేవాళ్ళం. పక్క గూడెం కోయవాళ్ళ ఆడవాళ్ళు అప్పటికే అక్కడ ఏరుతూ ఉండేవారు. ఎవరి చెట్టు కిందికి ఎవరు రావాలో అందరికీ తెలుసు. తెచ్చిన పువ్వును చాపల మీద ఆరబోస్తే ఆ తియ్యటి మత్తువాసన దుప్పట్లకు, నా జడకు, ఆఖరికి కుండలో మంచినీళ్ళకు కూడా పట్టేది. గాలి నది వైపు నుంచి తిరిగిన రోజు మాత్రం మిల్లు వాసన వచ్చేది, ఉడికిన గంజి పులిసినట్టు. ఆ రెండు వాసనల్లో ఏది వస్తుందో చూసి నాయనమ్మ వాన సంగతి చెప్పేది. చాలాసార్లు తప్పు చెప్పేది. తప్పైన రోజు గాలిని తిట్టేది.

నాయనమ్మకు పళ్ళు లేవు. జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టుకుని, అది మెత్తబడేదాకా పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసేది. గింజలు తీస్తూ మా తాతను తిట్టడం ఆమెకు అలవాటు. తాత ఇల్లు పట్టకుండా తిరిగి తిరిగి ఎక్కడో దేశం కాని దేశంలో పోయాడు. నేను ఆయన్ని చూడలేదు. చింతగింజ ఒక్కొక్కటి రాయి మీద పడుతుంటే ఒక్కొక్క తిట్టు పడేది. ఆ తిట్లు నాకు జోలపాటలంత అలవాటు. వాటిలో ఒకటి ఇంత వయసు వచ్చాక నాకు పనికొస్తుందని అప్పుడు తెలియదు.

గుట్ట మీద దారికి రెండు పక్కలా అవి ఉండేవి. నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి, పైన ఇల్లంత బండ కప్పి, ముందు పలకకు నడిమధ్య గుండ్రటి కంత. కొన్ని కూలిపోయాయి. కొన్నిటి మీద చెట్లు మొలిచాయి. ఒక్కటి మాత్రం, దారి మలుపులో ఉన్నది, నిన్ననే కట్టినట్టు చెక్కుచెదరకుండా నిలబడి ఉండేది. దాని కంత చుట్టూ ఉలితో చెక్కిన అంచు ఉండేది. చెయ్యి పెట్టి తిప్పితే కుండ మూతి అంత నున్నగా తగిలేది. నాయనమ్మ అక్కడికి రాగానే గంప దింపేది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, కంత ముందు కొంచెం వంగి, పొరుగింటి వాకిట్లో నిలబడ్డట్టే పిలిచేది.

"ఇంట్ల ఉన్నరా? తిన్నరా?"

కాసేపు ఆగేది. తర్వాత, "సరే, మేం పోయొస్తం," అని గంప ఎత్తుకునేది. చేతులు జోడించేది కాదు. బొట్టు పెట్టేది కాదు. చెప్పులు ఉన్న రోజు చెప్పులతోనే నిలబడేది.

"ఎవరున్నరు నాయనమ్మా?"

"ఇంటోళ్ళు."

"మరి పలుకరేంది?"

"తిని పండుకున్నరేమో. నువ్వు పండుకుంటే పలుకుతవా?"

నాకు అంత తొందరగా తృప్తి కలిగేది కాదు. ఇప్పటికీ కలగదు. ఒకరోజు ఆమె ముందుకు పోగానే కంతలోంచి లోపలికి దూరాను. అప్పట్లో నేను ఎంత సన్నగా ఉండేదాన్నంటే భుజాలు కూడా తగల్లేదు. లోపల బయటి ఎండ ఆనవాలు లేదు. తడి రాయి వాసన, గబ్బిలాల వాసన. ఊ అంటే నా గొంతు నాది కాకుండా మందంగా, కిందినుంచి వచ్చినట్టు వినిపించింది. నేల మీద రాతి తొట్టి ఉంది, ఒకే రాయిని తొలిచింది. అందులో పడుకుని చూశాను. నా కొలతకే చేసినట్టు సరిపోయింది. పడుకుని కంతలోంచి చూస్తే గుండ్రటి ఆకాశం ముక్క, దాంట్లో ఒక ఇప్పకొమ్మ. ఇక్కడ ఎవరు పడుకునేవారు, ఇంత చిన్నవాళ్ళా, లేక పిల్లలా, వాళ్ళు కూడా ఇదే కొమ్మను చూసేవారా అని అనుకుంటూ ఉండగానే నాయనమ్మ కేక వినిపించింది. బయటికి వచ్చాక కొట్టలేదు. "అడిగి పోయినవా?" అంది అంతే. అడగకుండా ఒకరి ఇంట్లోకి పోవడం తప్పన్నట్టు అంది.

నాయనకు మరో రకం ఆశ్చర్యం. లారీలకు వెదురు ఎక్కించడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి పై బండను చూసినప్పుడల్లా ఆగేవాడు. దాన్ని అంత ఎత్తుకు ఎలా చేర్చారు? మధ్యాహ్నం సద్దులు విప్పుకున్నప్పుడు కూలీలతో ఇదే మాట. ఏనుగులతో అని ఒకరు. మట్టి గుట్టలా పోసి దొర్లించారని ఒకరు. రాకాసులకు అదొక లెక్కా అని ఇంకొకరు. నాయన ఒక పుల్లతో నేల మీద గీతలు గీసి చెరిపేవాడు. ఎన్నటికీ తేలలేదు. తేలకపోవడమే వాళ్ళకు బాగుండేదేమో, మర్నాడు మళ్ళీ అదే మొదలయ్యేది. ఊరందరూ ఆ చోటును రాకాసి గూళ్ళు అనేవారు. కనీసం మా ఇంట్లో నాకు వినిపించింది అదే. గూళ్ళు.

మా ఊరి బడి అయిదో తరగతితో ఆగిపోయేది. ఆ తర్వాత నాయన నన్ను వెదురు లారీ ముందు సీట్లో కూర్చోబెట్టి మిల్లు దగ్గరున్న పెద్దబడికి పంపేవాడు. అక్కడి తెలుగు సారుకు మంచి తెలుగు చెబుతాడని పేరు. ఒకరోజు "చూడదగిన ప్రదేశం" అని వ్యాసం రాయమన్నాడు. తరగతి మొత్తం తాజ్‌మహల్ గురించి రాసింది. చూసినవాళ్ళు ఒక్కరు లేరు. కిరాణా దుకాణం క్యాలెండరు మీద అందరూ చూసిందే. నేను మాత్రం రాకాసి గూళ్ళ గురించి రాశాను. కంత, తొట్టి, ఇప్పకొమ్మ, నాయన లెక్కలు, అన్నీ. కాగితాలు వెనక్కి ఇచ్చేటప్పుడు సారు నాది ఆపుకుని పైకి చదివాడు. శీర్షికలోనే గూ మీద ఎర్ర సిరాతో దీర్ఘం కొట్టేసి ఉంది.

"రాక్షసులకు గూళ్ళేమిటే, వాళ్ళేమన్నా పిచ్చుకలా?" అన్నాడు. తరగతి నవ్వింది. "అవి గుళ్ళు. గుడికి బహువచనం. ఏదీ, గుణింతం చెప్పు."

నిలబడి చెప్పాను. "గ కు కొమ్మిస్తే గు. గ కు కొమ్ము దీర్ఘమిస్తే గూ."

"అక్కడ దీర్ఘం ఇవ్వమని నీకెవరు చెప్పారు?"

"మా నాయనమ్మ సార్."

"ఆవిడ చదువుకుందా?"

"లేదు సార్."

"అయితే కూర్చో. నీ మాట సాగినట్టే నీ రాత కూడా సాగుతోంది. దీర్ఘాలు తగ్గించుకో."

ఇంటికి వచ్చి ఏడుస్తూ చెప్పాను. ఆ సాయంత్రం మా ఇంట్లో కొత్త పెళ్ళికొడుకు ఉన్నాడు. అక్కకు సంబంధం కుదిరిన కొత్త. మిల్లులో అప్పుడే పనికి కుదిరిన బావ, కొత్త చొక్కా వేసుకుని, చింతచిగురు పప్పుతో అన్నం తింటున్నాడు. నా ఏడుపు విని ఆయన నవ్విన నవ్వుకు పప్పు పొలమారింది. "గూళ్ళ మరదలా," అన్నాడు అప్పుడే, మొదటిసారి. తర్వాత నా పెళ్ళిలో అన్నాడు. మా ఆయన పోయిన పదో రోజున కూడా, నన్ను నవ్వించడానికే కావచ్చు, అన్నాడు. ఆ సాయంత్రం నాయనమ్మ మాత్రం చింతగింజలు తీయడం ఆపకుండా ఒక్క మాట అంది. "సారును వచ్చి సూడమను. గుడి అయితే గంట ఉంటది. ఆడ గంట ఏది?"

టీవీ ముందు కొత్త కోడళ్ళ నవ్వు ఆగాక నేను బావను అడిగాను. "ప్రపంచమంతా తిరిగినవ్. ఇన్నేండ్లల్ల ఆ గుట్ట ఎక్కినవా?"

"ఆడ ఏముందని?"

"ఈజిప్టుల ఏముందో అదే."

అక్క వంటింట్లోంచి అంది, "తీస్కపోరాదు, దాని నోరన్న మూతపడతది." నా నోటి గురించి అలా అనడం కూడా నేను గుర్తుపెట్టుకున్నాను. కాని మర్నాడు పొద్దున్నే ముగ్గురం కారులో బయల్దేరాం.

అడవి అని నేను గుర్తుపెట్టుకున్న చోటంతా ఇప్పుడు జామాయిల్ తోటలు, దువ్వెన పళ్ళలా వరసలు. వెదురు లేదు. కారు అద్దం దించి ముక్కు బయట పెట్టాను. ఇప్పపువ్వు రోజులే గాని వాసన లేదు. గుట్ట పైదాకా మట్టిరోడ్డు ఉంది. దిగగానే నీలం రేకు మీద తెల్ల అక్షరాల బోర్డు కనిపించింది. చూడదగిన ప్రదేశమట. ఆ మాటే రాసి ఉంది. ఇన్నేళ్ళకు ఎవరో ఒప్పుకున్నారు కదా అని ఒక్క క్షణం సంతోషించాను. తర్వాత కింది వరస చదివాను. "రాకాసి గుళ్ళు."

బావ కూడా చదివాడు. చదివి చెప్పులు విడిచాడు. ఎండకు కాలుతున్న బండ మీద ఉత్తకాళ్ళతో నడిచి, మలుపులో ఉన్న ఆ చెక్కుచెదరని గూటి ముందు నిలబడి చేతులు జోడించాడు. ఆయన ఒక్కడే కాదు. కంత అంచుకు పసుపు పూసి ఉంది. కింద కొబ్బరిచిప్పలు, ఊదుబత్తి పుల్లలు. పక్కన సిమెంటు బస్తాలు, ఇసుక కుప్ప, ఒక ఇనుప గేటు. పై బండ నీడలో ఊరి మాజీ సర్పంచ్ వెంకన్న కూర్చుని ఉన్నాడు. నాకు వరసకు తమ్ముడవుతాడు. నన్ను చూసి లేచాడు.

"మంచిగ వచ్చినవ్ అక్కా. సోమవారం పని మొదలు. కింద బండలు పరుస్తం, మీద చిన్న గోపురం. ఈ కంతను పగలగొట్టి దర్వాజ పెడతం. లేకుంటే పూజారి లోపలికి ఎట్ల పోతడు?"

"పూజారి పోవాల్సింది అయితే కట్టినోళ్ళే దర్వాజ పెట్టేటోళ్ళు కాదా?"

"గది నాకేం ఎరుక. సర్కారు బోర్డు మీద గుళ్ళు అని ఉంది. గుడి అన్నంక దర్వాజ ఉండాలె."

అది గుడి కాదని, గూడు అని చెప్పాను. దీర్ఘం సంగతి చెప్పాను. వెంకన్న ఓపిగ్గా విన్నాడు. తర్వాత మట్టిరోడ్డు వైపు చూపించాడు. "అక్కా, వానకాలం ఈ ఊరికి అంబులెన్స్ రాదు. గుడి అయితే రోడ్డొస్తది. గూడు అయితే ఏమొస్తది?" జవాబు లేని ప్రశ్న నన్ను అడిగినవాళ్ళను కూడా నేను మరిచిపోను, కాని వెంకన్న మీద కోపం రాలేదు.

తిరిగి వస్తుంటే కారులో అక్క నిదానంగా అంది, "సుగుణా, ఒకటి చెప్తే ఏమనుకోకు. నాయనమ్మకు పండ్లు లేవు గద. ఏ మాటన్నా సాగదీసేది. గుళ్ళు అననీకే గూళ్ళు అన్నదేమో."

అద్దంలో బావ మీసం కింద నవ్వు కనిపించింది. నేను కిటికీ వైపు తిరిగాను. నా బతుకంతా మోసిన అభియోగం ఒక ముసలమ్మ బోసినోటి మీద నిలబడి ఉందని అంతకుముందు ఎవరూ అనలేదు. నాకూ తోచలేదు. ఖమ్మం చేరేదాకా అదే ఆలోచన. పళ్ళు లేకపోతే సాగేది అక్షరమా, మాటా? ప్రూఫు దిద్దేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఒక చోట అనుమానం వస్తే అదే మాట ఇంకెక్కడ వచ్చిందో వెతకాలి. అక్కడ ఎలా ఉందో చూడాలి. నాయనమ్మ నోట గుడి ఇంకెక్కడ వచ్చింది? భద్రాద్రి గుడి అనేది. పొట్టిగానే అనేది. కాని ఒక్క గుడి చాలదు, నాకు బహువచనం కావాలి.

ఆ మర్నాడు బోర్డు పెట్టించిన ఆఫీసుకు పోయాను. అక్కడి సారు మర్యాదగానే మాట్లాడాడు. "ఒక్క దీర్ఘమే కదమ్మా, కొత్త బోర్డులు వచ్చినప్పుడు చూద్దాం," అన్నాడు. వధువు పేరులో ఒక్క ఒత్తే కదా అని మా ప్రెస్సులో నేను ఎప్పుడూ అనలేదు. ఫిర్యాదు ఇచ్చి, రసీదు అడిగి, వాళ్ళు ఇవ్వం అన్నా ఇచ్చేదాకా కూర్చుని, ఇంటికి వచ్చాను. వచ్చి చింతపండు ముందేసుకున్నాను. కొత్తగా వచ్చిన పండు, గింజలు తీసి ఉప్పు కలిపి జాడీకి ఎత్తాలి. నాలుగు గింజలు తీశానో లేదో నా నోటివెంట, నేను పిలవకుండానే, నాయనమ్మ తిట్టు వచ్చింది.

"గుళ్ళెంబడి తిరిగి తిరిగి ఇల్లు మర్సిన సచ్చినోడు."

తాతను తిట్టిన తిట్టు. తాత పోయింది గుళ్ళ వెంట, యాత్రలకు. గుళ్ళెంబడి. ఎన్ని వందలసార్లు విన్నానో ఆ మాటను, ఒక్కసారి కూడా సాగలేదు. కొమ్ము పొట్టిదే. గింజ రాయి మీద పడ్డంత పొట్టిది. పళ్ళు లేని నోరే గుళ్ళను గుళ్ళు అంది, గూళ్ళను గూళ్ళు అంది. రెండూ వేరని ఆమెకు తెలుసు. అక్కకు ఫోన్ చేసి తిట్టు వినిపించాను. "అవ్," అంది అక్క, "గట్లనే అనేది." మళ్ళీ, "ఆడ ఎన్నడు దండం కూడ పెట్టలేదు గద. తిన్నరా అని అడిగేది," అంది. నేను చెప్పకుండానే తనే గుర్తు చేసుకుంది. తర్వాత ఫోన్ పక్కకు పెట్టి బావతో ఏదో అనడం వినిపించింది. సోమవారం పొద్దున కారు సారపాక నుంచి రానే వచ్చింది.

నేను ఒక తెల్లరంగు డబ్బా, సన్నటి కుంచె తీసుకున్నాను. గుట్ట మీద అప్పటికే మేస్త్రీ ఉలి, సుత్తి పట్టుకుని కంత ముందు కూర్చున్నాడు. వెంకన్న కొబ్బరికాయ కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. ఊరివాళ్ళు కొందరు, పక్క గూడెం నుంచి కొందరు వచ్చారు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా బోర్డు దగ్గరికి పోయాను. అందలేదు. బావ కారు డిక్కీలోంచి ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేసి, అది కదలకుండా కాలితో తొక్కి పట్టుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, నాకు సాయం చేయడం లేదన్నట్టు ఇంకో వైపు చూస్తూ. గు చివర తోకను పైకి తిప్పి గూ చేశాను. అంతే. ఎర్ర సిరాతో పోయింది తెల్లరంగుతో వచ్చింది.

"ఏందక్కా అది?" అన్నాడు వెంకన్న దగ్గరికి వచ్చి.

"కొమ్ము దీర్ఘం."

"గూళ్ళు అంటే?"

"ఇండ్లు."

"ఎవరియి?"

"ఎవరిని లోపల తొట్టిల పండుకోబెట్టిన్రో వాళ్ళయి. సచ్చినోళ్ళయి."

గుంపు కొంచెం వెనక్కి జరిగింది. మేస్త్రీ ఉలిని కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "గిది ముందే చెప్పాలె గద వెంకన్నా," అన్నాడు. గూడెం నుంచి వచ్చిన ఒక ముసలామె తనలో తాను నవ్వుకుంది. ఆమెకు ఇది కొత్త సంగతి కాదని నాకు తోచింది. వీటిని మీరు ఏమని పిలుస్తారని అడిగాను. వాళ్ళ భాషలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. ఇంకోసారి అడిగి నేర్చుకోవాలి.

వెంకన్న మాత్రం కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మరి రోడ్డు?" అన్నాడు. అతని గొంతులో నా మీద కోపం లేదు, అలసట ఉంది. "సమాధులు చూడనీకి ఎవరొస్తరు అక్కా?"

నేను స్టూల్ దిగాను. అప్పుడు స్టూల్ మీంచి కాలు తీసి బావ మాట్లాడాడు.

"నేను మొన్న పోయొచ్చింది ఏందనుకుంటున్నవ్ వెంకన్నా? పిరమిడ్లు. రాజుల సమాధులు. లోపల ఖాళీ తొట్టి చూడనీకి విమానం ఎక్కి పోయిన. తాజ్‌మహల్ ఏంది? సమాధి కాదా? అందరు సమాధులు చూడనీకే పోతున్నరు. రోడ్లేంది, ఆడ ఎయిర్‌పోర్టులు కట్టిన్రు. నువ్వు గుడి కడితే పక్కూరోడు కూడ కడతడు. ఇసుంటిది వాడు కట్టగలడా?"

వెంకన్న పై బండ వైపు చూశాడు. మా నాయన చూసినట్టే, కింద నుంచి పైకి కొలుస్తూ చూశాడు. ఆఫీసుకు రోడ్డు కోసం రాసేటప్పుడు ఈ మాటలే రాసివ్వమని బావను అడిగాడు. రాసిచ్చేది సుగుణ అని బావ అన్నాడు, తప్పులు ఉండవని. అది పొగడ్తో, ఎగతాళో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. ఆ రోజు కంత పగలలేదు. తర్వాత ఏమవుతుందో నేను చెప్పలేను. సిమెంటు బస్తాలు ఇంకా అక్కడే ఉన్నాయి, రోడ్డు ఇంకా రాలేదు. మాకు అప్పుడు అడవి ఉండేది, రోడ్డు లేదు. వీళ్ళకు రోడ్డు కావాలి, అడవి పోయింది. రెండూ ఒకేసారి ఉన్న కాలం ఏదైనా ఉందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. తాజ్‌మహల్ సమాధి అని ఆ రోజు తరగతిలో ఒక్కరన్నా రాశారా అన్నది కూడా.

అందరూ కదులుతుంటే బావ బోర్డు ముందు ఆగాడు. ఆ వరసను పైకి, కూడబలుక్కుంటూ చదివాడు. "రాకాసి గూ... ళ్ళు." దీర్ఘాన్ని కావాలనే సాగదీశాడు. తర్వాత కారు దాకా నడిచి, ఆ పొద్దున కూడా దిగగానే విడిచిన చెప్పులు తొడుక్కుని వెనక్కి వచ్చాడు. చెప్పులతోనే ఆ చెక్కుచెదరని గూటి ముందుకు పోయి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా కంతకు సమానంగా వంగాడు.

"ఇంట్ల ఉన్నరా? తిన్నరా?" అన్నాడు.

లోపలినుంచి ఆయన గొంతే మందంగా తిరిగి వచ్చింది. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. ఆ వయసులో ఆయన ముఖంలో నేను ఎన్నడూ చూడని చూపు, లోపల ఎవరో ఉన్నారేమో అన్న చూపు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇగ మాఫీయేనా మరదలా?" అన్నాడు నిలబడి.

"చూస్తా," అన్నాను. తాళంచెవుల గొలుసు సంగతి ఇంకా తేలలేదు.

నేనూ కంత దగ్గరికి పోయాను. ఇప్పుడు దూరలేను. తల మాత్రం పెట్టి చూశాను. తొట్టిలో ఎప్పటివో నీళ్ళు, నీళ్ళలో గుండ్రటి ఆకాశం. అక్కడ ఇప్పకొమ్మ ఉంటుందేమోనని తల పక్కకు తిప్పి చాలాసేపు వెతికాను. కనబడలేదు. మేం పోయొస్తం అని చెప్పి బయటికి వచ్చాను.